పెద్దమ్మ ముద్ద

ఆ ఇంట్లో ఆమె పేరు "వంచే అమ్మ". బిగుసుకుపోయిన కాళ్ళూ చేతులూ పట్టుకుని మెల్లగా వంచి, చాచి, మళ్ళీ వంచడం ఆమె పని కాబట్టి ఆ పేరు. పిల్లల్లో మాటలు వచ్చినవాళ్ళు బహు కొద్దిమంది. వాళ్ళు పెట్టిన పేరే అందరికీ ఖాయమైపోయింది. చదివింది ఫిజియోథెరపీ. సొంత ఊళ్ళో నిక్షేపంలాంటి ఆస్పత్రి ఉద్యోగానికి సెలవు పెట్టి, ఒక సేవాసంస్థ తరఫున ముక్కూ మొహం తెలియని దేశానికి వచ్చి పడింది. మొగుడు మంచివాడు, "వెళ్ళిరా, ఇంటి సంగతి నేను చూసుకుంటాలే" అన్నాడు. అక్క మాత్రం ఫోన్లో ఉతికి ఆరేసింది.

"ఇక్కడ పిల్లలు లేరటే? నీ సేవకి మన ఊళ్ళో జాగా చాలలేదా?"

"ఇక్కడైతే చూసేవాళ్ళు ఎవరో ఒకరున్నారక్కా. అక్కడ ఎవరూ లేరట."

"అట! ఎవరో అన్నారట, ఈవిడ పెట్టె సర్దుకుందట."

ఎవరూ లేరన్న మాట నిజం కాదు. ఒక మనిషి ఉంది. ఆ మనిషి సంగతే ఈ కథంతా.

ఇల్లంటే పెద్ద ఇల్లేం కాదు. కొండవాలు మీద ఒకదాన్నొకటి తోసుకుంటూ నిలబడ్డ రేకుల ఇళ్ళ మధ్య, కాస్త సిమెంటు గోడలున్న రెండు గదులూ ఒక వరండా. నీళ్ళ లారీ సందు మొదట్లోనే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి డబ్బాలతో మోసుకు రావాలి. లోపలి గదిలో మంచాలు ఒకదానికొకటి ఆనించి వేసి ఉంటాయి. మధ్యలో కాలు పెట్టే చోటు లేక వంచే అమ్మ మంచాల మీదుగానే మోకాళ్ళతో పాకుతూ ఒక పిల్ల దగ్గర్నుంచి ఇంకో పిల్ల దగ్గరికి వెళ్ళేది. కొందరికి తల్లిదండ్రులున్నారు, పనుల్లోకి పోతూ వదిలి వెళ్ళినవాళ్ళు. సెలవు దొరికితే వచ్చి చూసిపోతారు. కొందరికి ఎవరూ లేరు. నడిచేవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

ఇంత సంసారాన్నీ ఈదేది ఒక్క ఆయా. భారీ మనిషి, మోకాళ్ళ నొప్పులు, సందు చివరికి వినబడే గొంతు. వండేదీ ఆమే, కడిగేదీ ఆమే, తినిపించేదీ ఆమే. గుడ్డలు ఉతకడానికి మాత్రం పక్క సందులోంచి ఒకామె వచ్చి పోతుంది. మేనేజరని ఒక బక్కపల్చటి మనిషి ఉన్నాడు గానీ, ఆయన విరాళాల కోసం ఊరంతా తిరుగుతూ, అప్పుడప్పుడూ చుట్టపుచూపుగా వచ్చి తల పట్టుకుని కూర్చుని పోతాడు.

వచ్చిన మొదటి రోజే వంచే అమ్మ అన్నాలవేళ చూసింది. ఆయా గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది. పిల్లల్ని ఒక్కొక్కళ్ళనీ తొడ మీద వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, చెంచాతో జావ పోసేస్తోంది. గొంతు దిగిందో లేదో చూడ్డం లేదు, ఇంకో చెంచా. అయిపోగానే ఆ పిల్లని పక్కకి దొర్లించి ఇంకో పిల్ల. గదంతా ఖళ్ళు ఖళ్ళున దగ్గులు. ఆ దగ్గంటే ఏమిటో వంచే అమ్మకి తెలుసు. కడుపులోకి పోవలసింది ఊపిరితిత్తుల్లోకి పోతోందన్నమాట. దగ్గు, తర్వాత జ్వరం, తర్వాత ఆయాసం. పోయిన వానాకాలంలో ఇద్దరు పిల్లలు "జ్వరమొచ్చి పోయారు" అని అంతకుముందే మేనేజరు చెప్పి ఉన్నాడు.

"అక్కా, పడుకోబెట్టి పొయ్యకూడదు. కూర్చోబెట్టి పెట్టాలి" అంది, అప్పుడప్పుడే నేర్చుకుంటున్న అక్కడి భాషలో.

ఆయా చెంచా ఆపలేదు. "కూర్చోబెట్టి పెడితే మొదటివాడు తినేసరికి చివరివాడు సొమ్మసిల్లి పడిపోతాడు డాక్టరమ్మా. కావాలంటే చూడండి."

డాక్టరు కాదని ఎన్నిసార్లు చెప్పినా ఆయాకి ఆమె డాక్టరమ్మే. అయితే ఆయా అన్నది అబద్ధమూ కాదు. మెడ నిలిపే పిల్లల కోసం వంచే అమ్మ చెక్కపెట్టెలు కోయించి, స్పాంజి కుట్టి, కూర్చునే పీటలు చేయించింది. వాళ్ళ దగ్గులు తగ్గాయి. ఆయా కూడా "బాగానే ఉందే" అని మెచ్చుకుంది. మెడ నిలపలేని వాళ్ళకి మాత్రం ఆయా తొడే దిక్కు, ఆ చెంచాయే దిక్కు. వాళ్ళల్లో అందరికన్నా అధ్వాన్నంగా ఉన్న పిల్ల కిటికీ పక్క మంచం మీద ఉండేది.

ఆరేళ్ళుంటాయని అందరి అంచనా. చూస్తే మూడేళ్ళ పిల్లలా కూడా ఉండదు. తల్లి ఎవరో, తండ్రి ఎవరో. వరండాలో వదిలేసి పోయారు, అంతే. ఒళ్ళంతా కొయ్యలా బిగుసుకుని, మెడ మాత్రం తోటకూర కాడలా వాలిపోతుంది. మాట లేదు. కళ్ళు మాత్రం గదిలో ఎవరు ఎటు కదిలినా వెంట తిరుగుతాయి. ఎప్పుడూ దగ్గే, ఎప్పుడూ జ్వరమే. నోట్లో ఇనప చెంచా తగిలితే చాలు, దవడలు టక్కున బిగుసుకుంటాయి; ఆ పిల్ల చేతుల్లో ఉన్న పని కాదు, ఆ జబ్బు లక్షణమే అంత. చెంచా లాగాలంటే ఆయా ముక్కు మూయవలసి వచ్చేది.

వంచే అమ్మ ఆ పిల్ల బాధ్యత నెత్తికెత్తుకుంది. ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకుని, తల తన మోచేతి ఒంపులో ఆనించుకుని, గడ్డం కొంచెం కిందికి వంచి, చెంచా మానేసి, మన ఇళ్ళల్లో పెట్టినట్టు చేత్తో పెట్టింది. అన్నమూ కూరగాయలూ వెన్నలా మెదిపి వేలి చివర కొంచెం తీసుకుని నాలుక పక్కన పెట్టింది. దవడలు బిగుసుకోలేదు. కానీ పిల్ల మింగనూ లేదు. నోట్లో అలాగే పెట్టుకుని కళ్ళు పెద్దవి చేసి చూస్తోంది.

ఏం చెయ్యాలో తోచక వంచే అమ్మ తన తల్లి చేసిన పనే చేసింది. చిన్నప్పుడు అన్నం వద్దని మొండికేస్తే అమ్మ చుట్టాలందర్నీ పళ్ళెం చుట్టూ పిలుచుకొచ్చేది. అదే ఇక్కడా మొదలుపెట్టింది, అచ్చ తెలుగులో.

"ఇది తాత ముద్ద. మింగకపోతే తాత అలుగుతాడు. అదీ, మింగావ్! ఇది అమ్మమ్మ ముద్ద. ఇది మేనత్త ముద్ద, ఆవిడ మనిషి లావు కాబట్టి ముద్ద కూడా లావు. ఇది మావయ్య ముద్ద, ఆయనెప్పుడూ ఆలస్యంగా వస్తాడు, కాసేపు ఆగు... ఆ, వచ్చాడు."

పిల్లకి భాష తెలుసా, పాడా? కానీ ఆ రాగం పట్టుకుంది. "ఇది" అనగానే నోరు తెరవడం, "ముద్ద" అనగానే మింగడం నేర్చుకుంది. నూరిన మాత్రలు బావ ముద్దలో కలిపేది వంచే అమ్మ. అక్క మొగుడితో ఆమెకెప్పుడూ పడదు మరి. చేదు తగిలి పిల్ల మొహం చిట్లిస్తే, "మా బావంతేనమ్మా, ఓర్చుకోవాలి" అనేది.

తినడానికి చాలాసేపు పట్టేది. పట్టనీ. దగ్గు పోయింది. జ్వరం పోయింది. బుగ్గల కింద ఎముకలు మెల్లగా కప్పుకున్నాయి. వంచే అమ్మ గుమ్మంలోకి రాగానే గూట్లో పిట్టపిల్లలా నోరు తెరిచేసేది. అందుకని ఆమె ఆ పిల్లకి పిచ్చుక అని పేరు పెట్టుకుంది. ఒకరోజు మావయ్య ఆలస్యమైనందుకు పిచ్చుక కిలకిలా నవ్వింది. ఆ ఇంట్లో ఆ పిల్ల నవ్వు ఎవరూ వినలేదట. ఉతికే ఆమె తడిచేతులతోనే పరిగెత్తుకొచ్చి చూసింది.

ఆ సాయంత్రం వంచే అమ్మ ఊళ్ళో ఉన్న అక్కకి ఫోన్ చేసి చెప్పుకుని మురిసిపోయింది.

"నా చేత్తో పెడితేనే తింటుందే అక్కా. ఇంకెవరు పెట్టినా నోరు తెరవదు."

"బాగానే ఉంది. నువ్వొచ్చేశాక ఎవరి చేత్తో తింటుందట?"

"ఈలోగా అలవాటు చేస్తాలే."

చేస్తాలే అంది గానీ చెయ్యలేదు. అక్కడే ఉంది తప్పంతా. ఇలాంటి పిల్లలకి ఎప్పుడూ ఒక్కరే పెట్టకూడదు, ఇద్దరు ముగ్గురు మార్చి మార్చి పెట్టాలన్నది ఆ చదువులో ఓనమాలు. సొంత ఊళ్ళో ఎంతమంది తల్లుల్ని నిలదీసి ఈ మాట చెప్పిందో లెక్కలేదు. తన వంతు వచ్చేసరికి మాత్రం రేపు, ఎల్లుండి అనుకుంటూ వాయిదా వేసింది. ఆ పూట ఒళ్ళో ఆ బరువు, ఆ తెరిచిన నోరు ఇంకొకరికి ఇవ్వబుద్ధి కాలేదు. పిల్లలు లేని మనిషి కదా అని సర్దిచెప్పడానికీ లేదు. ఆమెకి ఇద్దరున్నారు, ఇద్దరూ కాలేజీలో ఉన్నారు. అమ్మ ముద్ద పెడతానంటే సిగ్గుపడే వయసు వాళ్ళది. ఎందుకిలా జరిగిందంటే జరిగింది, అంతే.

ఒక మధ్యాహ్నం ఆయా మిగతా పిల్లల పని ముగించుకుని, మోకాళ్ళు నొక్కుకుంటూ వచ్చి పక్కన కూలబడింది. ఆ మాటలన్నీ ఏమిటని అడిగి, ఒక్కొక్క చుట్టం పేరుకీ అర్థం చెప్పించుకుని, పడి పడి నవ్వింది.

"మీ వాళ్ళంతా వచ్చారు గదమ్మా. మరి నాకేదీ ముద్ద?"

"మీకా? మీకు రేపు" అంది వంచే అమ్మ నవ్వుతూ.

ఆ రేపు వచ్చేసరికి ఆ సంగతి మర్చిపోయింది.

సేవాసంస్థ వాళ్ళు ఆమె తర్వాత ఇంకో అమ్మాయిని పంపిస్తామన్నారు. ఆ అమ్మాయికి పెళ్ళి కుదిరింది. శుభం, ఎవర్నీ ఏమనడానికి లేదు. ఇంకెవరైనా దొరికితే చూస్తామన్నారు. సరే, తనే ఇంకొన్నాళ్ళు ఉంటానని వంచే అమ్మ అనుమతి కోసం ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. గాజు కిటికీ వెనకాల కూర్చున్న మనిషి కాగితం మీద ముద్ర కొట్టి ఇచ్చాడు. పొడిగించడం కుదరదు, గడువు లోపల దేశం దాటాలి. ఉంటే పట్టుకుంటారు, సంస్థవాళ్ళనీ ఇంకెప్పుడూ రానివ్వరు. మేనేజరు తెలిసినవాళ్ళందరి కాళ్ళూ గడ్డాలూ పట్టుకున్నాడు. ఏం లాభం లేకపోయింది. ఇక మిగిలింది వారం లోపే.

అప్పుడు పడింది పిడుగు. వంచే అమ్మ పిచ్చుకని ఆయా ఒళ్ళో కూర్చోబెట్టి, మెడ ఎలా పట్టుకోవాలో, వేలు ఎక్కడ పెట్టాలో చూపించింది. ఆయా చూపించినట్టే చేసింది. పిచ్చుక మూతి బిగించేసింది. తల తిప్పి వంచే అమ్మ వైపు చూస్తూ కూర్చుంది. మాటలు కూడా నేర్పితే ఆయా పాపం "ఇది తాత మూద్ద" అని కష్టపడి అంది. పిచ్చుక నోరు తెరవలేదు. వంచే అమ్మ గదిలోంచి బయటికి వెళ్ళి చూసింది. పిల్ల గుమ్మం వైపు చూస్తూ ఏడ్చింది. తన గొంతు ఫోన్లో రికార్డు చేసి వినిపించింది. మనిషి ఏదని పిల్ల నాలుగు వైపులా కళ్ళు తిప్పి మరీ గట్టిగా ఏడ్చింది. తన చున్నీ ఆయా భుజం మీద వేసింది. చున్నీ వాసన చూసి, మొహం చూసి, పిచ్చుక ఇంకా బిగుసుకుపోయింది.

ఈలోగా మిగతా పిల్లలకి జావ చల్లారిపోతోంది. ఒక పిల్ల ఆకలికి తాళలేక తన చెయ్యి తనే కొరుక్కుంటోంది. ఆయా పిచ్చుకని మంచం మీద పడుకోబెట్టేసి అటు పరిగెత్తింది.

ముక్కులోంచి గొట్టం వేయించి దాంతో పాలు పోయొచ్చేమోనని వంచే అమ్మ పిల్లని ఎత్తుకుని పెద్దాస్పత్రికి పోయింది. అక్కడి డాక్టరు ఓపిగ్గానే మాట్లాడాడు.

"వెయ్యడం ఎంతసేపమ్మా. కానీ అది ఊడొస్తే తిరిగి ఎవరు పెడతారు? తప్పి ఊపిరితిత్తుల్లోకి దిగితే ఒక్క పూటలో పోతుంది. మీరుంటానంటే ఇప్పుడే వేస్తాను."

మీరుంటానంటే. ఆ ఒక్కటీ తప్ప ఏదైనా చెయ్యగలదు. పిల్లని మళ్ళీ ఎత్తుకుని బస్సెక్కింది.

తిరిగొచ్చాక ఆయా ఒక కట్టడి పెట్టింది. "డాక్టరమ్మా, మీరు పెట్టకండి. నేను ఒక్కదాన్నే పెడతాను. ఆకలేస్తే ఎందుకు తినదు, అదే తింటుంది." వంచే అమ్మ సరేనంది. పొద్దున్న ఆయా పెడితే పిచ్చుక తినలేదు. మధ్యాహ్నం తినలేదు. నాలుగు చుక్కల నీళ్ళు మింగింది, అంతే. సాయంత్రం ఆయా నీళ్ళకి సందు మొదటికి వెళ్ళింది. పిచ్చుక కిటికీ పక్కనుంచి వంచే అమ్మ వైపు చూసి నోరు తెరిచింది. తెరిచి అలాగే ఉంచింది.

రాతిగుండె అయినా ఆగుతుందా? గిన్నెలో ఉన్నది గబగబా మెదిపి, వరండాలోకి ఎత్తుకెళ్ళి, గొంతు తగ్గించి, తాతనీ అమ్మమ్మనీ మేనత్తనీ అందర్నీ పిలిచేసింది. పిల్ల ఆవురావురుమని తినేసింది. మర్నాడూ అదే తంతు. పగలంతా ఆయా దగ్గర మూతి ముడవడం, సాయంత్రం వరండాలో తినడం. ఆయాకి తెలియదనే అనుకుంది. మూడో సాయంత్రం నీళ్ళ డబ్బాలతో ఆయా వెనకనుంచి వచ్చి నిలబడింది. వంచే అమ్మ చేతికి అన్నం, పిచ్చుక మూతికి అన్నం. ఇక దాచేదేముంది?

ఆయా డబ్బాలు కింద పెట్టింది. ఆ క్షణం దాకా 'మీరు' అన్న మనిషి ఒక్కసారిగా 'నువ్వు'లోకి దిగింది.

"పొద్దున్నుంచీ నేను కడుతుంటే సాయంత్రానికి నువ్వు కూల్చేస్తున్నావా? దానికేం నేర్పుతున్నావ్? పగలంతా మొండికేస్తే సాయంత్రానికి అమ్మ వస్తుందనా? ఎల్లుండి సాయంత్రం ఎవరొస్తారు? చెప్పు!"

"ఆకలితో చూసిందక్కా... నా వల్ల కాలేదు."

"నీ వల్ల కాదు! నా వల్ల అవుతుందనుకున్నావా? నువ్వు రాకముందు ఇది నా చేత్తో తినేది. దగ్గుతూ తినేది, కక్కుతూ తినేది. కానీ తినేది! ఇంకా బతికుందంటే నా చెంచాతోనే బతికుంది. ఇప్పుడు నువ్వు పోతున్నావు. నీ చెయ్యి నీతో పోతుంది. నా చెంచా దానికి పనికిరాకుండా చేశావు. దగ్గుతోనైతే ఎన్నాళ్ళకో పోయేది తల్లీ. ఇప్పుడు ఆకలితో నా కళ్ళముందే పోతుంది."

వంచే అమ్మ పిచ్చుక మూతి తుడిచింది. ఆయా అరిచి అరిచి, చివరికి గడప మీద కూలబడి కొంగుతో కళ్ళొత్తుకుంది.

"నీ చుట్టాలందరికీ ముద్దలున్నాయి" అంది కాసేపటికి, గొంతు దించి. "ఎక్కడో ఉన్న మీ బావకి కూడా ఉంది. దీన్ని ఈ వరండాలోంచి ఎత్తుకుని లోపలికి తెచ్చింది నేను. నాకు లేదు."

ఆ మాట వంచే అమ్మకి చెంపదెబ్బలా తగిలింది. రేపు అన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అంతదూరంనుంచి మేనత్తల్నీ మావయ్యల్నీ మోసుకొచ్చి ఆ పళ్ళెం చుట్టూ కూర్చోబెట్టింది గానీ, ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చున్న మనిషిని పిలవాలన్న ధ్యాసే లేకపోయింది. ఆ పిల్లకి చుట్టమంటూ ఉంటే నిజానికి ఆ ఒక్కతే.

"పెద్దమ్మ ముద్ద అక్కా. మీది పెద్దమ్మ ముద్ద" అంది. అంటే అర్థమేమిటో కూడా చెప్పింది. పళ్ళెంలో మిగిలింది కొంచెం తీసుకుని, "ఇది పెద్దమ్మ ముద్ద" అని ఆయా వైపు చూపించి పెట్టింది. పిచ్చుక మింగింది. కానీ చూపు వంచే అమ్మ మీదే ఉంది. పెట్టిన చెయ్యి ఆమెదే కదా. ఇప్పుడు నేర్పితే ఏం లాభం?

ఆ మర్నాడు వంచే అమ్మ మాట తప్పలేదు. ఇంట్లోనే ఉంటూ పిచ్చుక ఉన్న గదిలోకి అడుగు పెట్టలేదు. వంటింట్లో కూర్చుని ఇంకో పిల్ల కాళ్ళు వంచుతూ, గోడ అవతల ఆయా బతిమాలడమూ, బెదిరించడమూ, మళ్ళీ బతిమాలడమూ వింది. పొద్దున్న తినలేదు. మధ్యాహ్నం తినలేదు. సాయంత్రం వరండాలో ఎవరూ లేరు. ఆ సాయంత్రం పిచ్చుక ఏడ్చిన ఏడుపు వింటూ ఆమె వంటింటి తలుపుకి వీపు ఆనించి, చెవులు మూసుకుని కూర్చుంది. దేవుడా, ఇదేం శిక్ష అనుకుంది. శిక్ష తనకి కాదని కూడా ఆమెకి తెలుసు.

బయల్దేరవలసిన రోజు పొద్దున్నే ఉతికే ఆమె గుడ్డల బుట్టతో వచ్చి గుమ్మంలో ఆగింది.

"కిటికీ పిల్ల గుడ్డ నిన్న మధ్యాహ్నం కట్టిందే. ఇంకా తడవలేదు, ఉచ్చే పోసుకోలేదు."

వంచే అమ్మ ఇక గదిలోకి వెళ్ళకుండా ఉండలేకపోయింది. పిచ్చుక పెదాలు ఎండి పొరలు లేచాయి. చేతి మీద చర్మం చిటికెతో పట్టుకుని వదిలితే మడత అలాగే నిలిచిపోయింది. కళ్ళు లోతుకి పోయాయి. అంత నీరసంలోనూ ఆమెని చూడగానే నోరు తెరిచింది.

ఆయా పక్కనే జావగిన్నె పట్టుకుని నిలబడి ఉంది. సందు మొదట్లో వ్యాను ఆపుకుని మేనేజరు అప్పటికే ఒకసారి హారన్ కొట్టాడు. వంచే అమ్మ చెయ్యి గిన్నె వైపు పోయింది. ఒక్కసారి. ఒక్క పూట. ఆయా గిన్నె వెనక్కి లాక్కోలేదు, చూస్తూ ఊరుకుంది. ఈ పూట పెడితే సాయంత్రం దాకా బతుకుతుంది. మళ్ళీ ఆ సాయంత్రం కోసం నోరు మూసుకుని ఎదురుచూస్తుంది. రేపటికి కూడా చూస్తుంది. అలా ఎదురుచూస్తూనే పోతుంది. వంచే అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎలా పెట్టమంటావ్?" అంది ఆయా. కోపం లేదు ఆ గొంతులో. "కూర్చోబెడితే నోరు తెరవదు. నువ్వే చెప్పు తల్లీ. నేను చెయ్యను, నువ్వు చెప్పందే."

ఆ మాట నోట్లోంచి రావడానికి చాలాసేపు పట్టింది. ఏ పని చెయ్యవద్దని ఈ గుమ్మంలో మొదటి రోజు నిలబడి చెప్పిందో, ఏ పని నుంచి ఈ పిల్లని ఇన్నాళ్ళూ తప్పించిందో ఆ పనే.

"పడుకోబెట్టండి" అంది. "చెంచాతో పొయ్యండి. పల్చగా వద్దు, చిక్కగా కలిపి పొయ్యండి. దవడ బిగిస్తే..." పిచ్చుక మొహం మీంచి చూపు తిప్పుకుంది. "ముక్కు మూసి పొయ్యండి."

"మొదట్లో ఎలా పోసేదాన్నో అలాగేనా?"

"అలాగే అక్కా."

"నువ్వు బయటికి వెళ్ళు. నువ్వు కనబడితే తెరవదు."

పిచ్చుక వైపు మళ్ళీ చూడకుండా, తెరిచిన ఆ నోటి వైపు చూడకుండా ఆమె వచ్చేసింది. సంచీ భుజాన వేసుకుని సందులోకి దిగింది. వ్యాను వైపు వెళ్ళాలి. కాళ్ళు ఇంటి పక్కగా తిరిగి, ఆ కిటికీ కింద ఆగిపోయాయి. కిటికీ ఎత్తులో ఉంది, లోపలికి కనబడదు, వినబడుతుంది. ఆమె గోడకి చెంప ఆనించి నిలబడింది.

మంచం కిర్రుమంది. ఆయా ఎక్కి కూర్చుని కాళ్ళు చాపుకుందన్నమాట. పిచ్చుక ఏడుపు మొదలైంది. చెంచా గిన్నెకి తగిలిన చప్పుడు. దవడలు బిగుసుకుని పళ్ళు ఇనుము కొరికిన చప్పుడు. ఆయా ఆయాసం. తర్వాత ఏడుపు ఆగిపోయింది, ముక్కు మూసినట్టుంది. ఏ చప్పుడూ లేదు. సందు మొదట్లో మేనేజరు మళ్ళీ హారన్ కొట్టాడు.

అప్పుడు లోపల్నుంచి ఆ గట్టి గొంతు, రాని తెలుగులో, సగం బతిమాలుతూ సగం ఏడుస్తూ వినబడింది.

"ఇది... పెద్దమ్మ మూద్ద."

నిశ్శబ్దం.

ఇన్ని నెలలూ ఏ చప్పుడు ఆ ఇంట్లో వినబడకూడదని ఆమె రెక్కలు ముక్కలు చేసుకుందో, ఏ చప్పుడు వింటే నిద్రలో కూడా ఉలిక్కిపడి లేచేదో, దాని కోసం గోడకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, తనకి తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకుంది. దగ్గు తల్లీ, ఒక్కసారి దగ్గు.

పిచ్చుక దగ్గింది. తడిగా, గొంతులో గరగరలాడుతూ దగ్గింది. చెంచా మళ్ళీ గిన్నెకి తగిలింది. మళ్ళీ దగ్గింది.

మింగుతోంది. వంచే అమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఆ గోడ పక్కనే కూలబడి, ఇంకో దగ్గు కోసం ఎదురుచూసింది.